పాస్టర్ జీతం ఎవరిస్తున్నారు? అమెరికా నల్లజాతి చర్చిల గొంతుకు మూలం

1815లో ఫిలడెల్ఫియాలో ఒక చర్చి వేలానికి వచ్చింది. దాన్ని నిలబెట్టుకున్నది నల్లవారు. ఆదివారం వచ్చి బల్లల మీద కూర్చునేదీ వాళ్లే. కానీ ఆ చర్చి ఏ మెథడిస్టు వ్యవస్థ కింద ఉందో దాని పెద్దలు తెల్లవారు. భవనం తమదనీ, అక్కడ ఎవరు వాక్యం చెప్పాలో తేల్చేది తామేననీ వాళ్ల పట్టు. చివరికి సంఘకాపరి రిచర్డ్ అలెన్ వేలంలో పాట పాడి, తన సంఘం చెమటతో లేచిన గోడలను పదివేల డాలర్లకు పైగా పోసి దక్కించుకున్నారు. ఆయన బానిసగా పుట్టి, డబ్బు కట్టి విడుదల పొందిన మనిషి. పొగగొట్టాలు శుభ్రం చేయించే వ్యాపారంతో నాలుగు డబ్బులు వెనకేసుకున్నారు. తనను తాను కొనుక్కున్నవాడు తన చర్చిని కూడా కొనుక్కోవలసి వచ్చింది. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ సంఘం పక్షాన తీర్పు చెప్పింది. అదే 1816లో అలాంటి నల్లజాతి సంఘాలు కొన్ని ఒకటై ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిగా, క్లుప్తంగా ఏఎంఈగా, ఏర్పడ్డాయి. దానికి అలెన్ మొదటి బిషప్.

అమెరికాలో సామాజిక న్యాయం కోసం నల్లజాతి చర్చిలు చేసిన పోరాటం అనగానే మార్టిన్ లూథర్ కింగ్ వాగ్ధాటి, పాటలు, ఊరేగింపులు ముందు కళ్లలో మెదులుతాయి. వాటి విలువ తక్కువేమీ కాదు. కానీ ఆ గొంతుకు అంత ధైర్యం ఎక్కడిదని వెతుక్కుంటూ వెళితే ఈ వేలంపాట దగ్గరికే చేరతాం. దస్తావేజు ఎవరి పేరున ఉంది, పాస్టర్ జీతం ఎవరి కానుకల్లోంచి వస్తోంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఆ వేదిక మీద నుంచి ఏ మాట వినబడుతుందో చాలావరకు ఊహించవచ్చు.

చర్చి అనే భవనం లేని కాలంలోనే ఈ సంప్రదాయం మొదలైంది. దక్షిణాది తోటల్లో బానిసలను యజమానులు తమ చర్చిలకు తీసుకెళ్లేవారు. అక్కడ వినిపించే వాక్యం ఎక్కువగా ఒక్కటే: దాసులారా, యజమానులకు లోబడండి. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసమని ఒక బైబిలు అచ్చువేశారు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడే నిర్గమకాండ కథను చాలావరకు తీసేశారు. ఏ పేజీ చింపాలో అచ్చువేసినవారికి బాగా తెలుసు. బానిసలకూ తెలుసు. రాత్రిపూట అడవి చాటున, తడి దుప్పట్లు కట్టి, శబ్దం బయటికి పోకుండా బోర్లించిన కుండ పక్కన కూర్చుని వాళ్లు ప్రార్థించింది ఆ మోషే దేవుణ్నే. ఆ రహస్య కూటాలను హష్ హార్బర్లు అనేవారు. అక్కడ పుట్టిన పాటల్లో యొర్దాను నది దాటడమంటే స్వర్గానికి వెళ్లడమూ అవుతుంది, ఉత్తరాదికి పారిపోవడమూ అవుతుంది. రెండర్థాల ఆ భాష తర్వాతి తరాల ప్రసంగాలకూ దిగింది. పాస్టర్ ఒక మాట అంటే సంఘం ఆమేన్ అంటూ, అవునవునంటూ అందుకునే తీరు, మన బుర్రకథలో వంతలు కథకుణ్ని ముందుకు నడిపించే తీరు లాంటిదే. వినేవాళ్లు ఒప్పుకుంటున్నారో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

పౌరచర్చలో నల్లజాతి చర్చి నాయకులు తొలినాళ్లలోనే ఎలా అడుగుపెట్టారో అలెన్ జీవితంలోనే కనిపిస్తుంది. తెల్లవారి సెయింట్ జార్జెస్ చర్చిలో మోకరించి ప్రార్థిస్తున్న అలెన్ సహచరుడు అబ్సలోమ్ జోన్స్‌ను లేపి పక్కకు పంపబోతే, నల్లవారందరూ ఒక్కుమ్మడిగా లేచి బయటికి నడిచారు. జోన్స్, అలెన్ కలిసి 1787లో పెట్టిన పరస్పర సహాయ సంఘం అప్పటికప్పుడు పుట్టిన ఆవేశం కాదు. నెలనెలా చందా వేసుకుని జబ్బుపడ్డవారికీ, వితంతువులకూ సాయం చేసే లెక్కల పుస్తకం ఉన్న సంస్థ అది. 1793లో ఫిలడెల్ఫియాలో పచ్చజ్వరం చెలరేగి వేలమంది చనిపోయినప్పుడు, పట్నం వదిలి పారిపోయినవారి ఇళ్లలో రోగులకు సేవ చేసి, శవాలను మోసింది ఈ ఇద్దరు కూడగట్టిన నల్లవారే. నల్లవారికి ఆ జబ్బు అంటదని వైద్యులు నమ్మారు. అది తప్పు, వాళ్లూ చనిపోయారు. జ్వరం తగ్గాక ఒక ప్రచురణకర్త, నల్ల నర్సులు కష్టకాలంలో జనాన్ని దోచుకున్నారని రాశాడు. జోన్స్, అలెన్ 1794లో చిన్న పుస్తకం వేసి జవాబిచ్చారు. శవపేటికలకు ఎంత ఖర్చయింది, చేతికి ఎంత వచ్చింది అని పద్దులతో సహా చూపించారు. అచ్చులో వచ్చిన నిందకు అచ్చులోనే, అదీ లెక్కలతో జవాబు చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

సొంత చర్చి ఎంత ప్రమాదకరమో బానిస యజమానులకు తొందరగానే అర్థమైంది. 1822లో దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో డెన్మార్క్ వీసీ తిరుగుబాటుకు పథకం వేశాడని ఉరితీశారు. అతను సభ్యుడిగా ఉన్న ఏఎంఈ చర్చిని నేలమట్టం చేశారు. 1831లో వర్జీనియాలో తిరుగుబాటు చేసిన నాట్ టర్నర్ కూడా వాక్యం చెప్పేవాడే. ఆ మరుసటి ఏడాది నల్లవారు ప్రసంగించడాన్నే అక్కడ చట్టంతో నిషేధించారు. చార్ల్స్‌టన్ సంఘం చాటుగా బతికి, అంతర్యుద్ధం ముగిశాక 1865లో ఇమ్మాన్యుయేల్ అనే పేరుతో మళ్లీ వెలుగులోకి వచ్చింది. దాని పాస్టర్ రిచర్డ్ కేన్ అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. అమెరికా సెనేట్‌లో 1870లో కూర్చున్న మొదటి నల్లజాతీయుడు హైరమ్ రెవెల్స్ కూడా ఏఎంఈ పాస్టరే. ఓటు వచ్చీరాగానే పాస్టర్లే చట్టసభలకు ఎందుకు వెళ్లారంటే, పదిమంది ముందు మాట్లాడటం, కమిటీ నడపడం, డబ్బుకు లెక్క చెప్పడం నేర్పిన బడి నల్లవారికి అప్పటికి అదొక్కటే. అసలు బడులు కూడా చర్చిల్లోనే పుట్టాయి. కింగ్ చదివిన మోర్‌హౌస్ కళాశాల 1867లో అగస్టాలోని ఒక బాప్టిస్టు చర్చి నేలమాళిగలో మొదలైంది. ఆడపిల్లల స్పెల్మన్ కళాశాల 1881లో అట్లాంటాలో మరో చర్చి నేలమాళిగలో.

తెలుగు నేలతో పోల్చి చూస్తే ఈ తేడా బాగా బోధపడుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒంగోలు ప్రాంతంలో పనిచేసినప్పుడు 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఆత్మగౌరవం కోసం ఆ కుటుంబాలు వేసిన అడుగు సామాన్యమైనది కాదు. అయితే బడులు, ఆసుపత్రులు, బంగళాలు చాలాకాలం మిషన్ ఆస్తిగానే ఉన్నాయి, నిధులు సముద్రం అవతలి నుంచి వచ్చాయి. నల్లజాతి చర్చి దారి వేరు. బట్టలుతికే ఆడవాళ్లు, కూలీలు వేసిన నాణేలతోనే అది నడిచింది. పేదరికంలోనూ పగ్గాలు తన చేతిలోనే ఉంచుకుంది.

ఈ పగ్గాల విలువ పూర్తిగా తెలిసింది 1955 డిసెంబరులో, అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో. బస్సులో తెల్లవారికి సీటు వదలనందుకు నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ను ఒకటో తేదీన అరెస్టు చేశారు. బస్సులు ఎక్కవద్దన్న పిలుపు ఇచ్చింది నిజానికి పాస్టర్లు కాదు. కళాశాల అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ ఆ రాత్రే కళాశాల యంత్రం మీద వేలకొద్దీ కరపత్రాలు తీయించారు. కానీ ఆమె జీతం ప్రభుత్వానిది. పేరు బయటికి వస్తే ఉద్యోగం పోతుంది. నల్లజాతి టీచర్లందరిదీ అదే స్థితి. ఇళ్లలో వంట చేసే ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. పట్నంలో తెల్లవారు ఉద్యోగం ఊడగొట్టలేని చదువుకున్న నల్లవాడు ఎవరని చూస్తే, ముందు కనబడేది పాస్టర్. బస్సుల బహిష్కరణను నడపడానికి డిసెంబరు 5న ఎన్నికైన నాయకుడు డెక్స్‌టర్ అవెన్యూ బాప్టిస్టు చర్చికి ఏడాది కిందటే వచ్చిన 26 ఏళ్ల కింగ్. ఊరికి కొత్త కాబట్టి పాత తగాదాలు ఆయనకు అంటలేదు. ఆ సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చి నిండిపోయి, బయట వీధిలో వేలమంది మైకుల్లో విన్నారు.

తర్వాతి 381 రోజుల పోరాటాన్ని ఉపన్యాసాల చరిత్రగా చెబితే సగమే చెప్పినట్టు. వారం వారం చర్చిల్లో మహాసభ జరిగేది. పాట, ప్రార్థన, వాక్యం, తర్వాత బస్సుల్లో వివక్ష మీద నడుస్తున్న కోర్టు కేసు ఎంతవరకు వచ్చిందో చెప్పడం, రేపు ఏ కారు ఏ మూల ఆగుతుందో ప్రకటించడం, చివర కానుక పట్టడం. ఆదివారం ఆరాధన క్రమమే ఉద్యమ క్రమం అయింది. ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదు. జనాన్ని పనులకు చేర్చడానికి సుమారు 300 కార్లు తిరిగేవి. సంఘాలు కొత్తగా కొన్న స్టేషన్ వాగన్లను చర్చిల పేర్లతోనే రిజిస్టరు చేశారు. జనం వాటిని చక్రాల మీద చర్చిలన్నారు. స్థానికంగా బీమా రద్దు చేయిస్తే లండన్ లాయిడ్స్ నుంచి బీమా తెచ్చుకున్నారు. పెట్రోలు ఖర్చుకు డబ్బు కావాలి. హోటల్ వంటమనిషి జార్జియా గిల్మోర్ తోటి ఆడవాళ్లను కూడగట్టి వేయించిన కోడి, కేకులు, తీపి పైలు చేసి అమ్మించారు. డబ్బు ఎక్కడిదని అడిగితే ఎక్కడిదీ కాదు అనేవారు. అందుకే ఆ బృందానికి ఎక్కడిదీకాని క్లబ్బు అనే పేరు పెట్టుకున్నారు. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ ఉద్యోగం పోయింది. అప్పుడామె ఇంట్లోనే వంట పెట్టి, ఉద్యమకారులందరికీ భోజనం అమ్ముతూ బతికారు. చరిత్ర పుస్తకాలు పాస్టర్ల పేర్లతో నిండినా, ఏడాదికి పైగా ఆ కార్లను తిప్పింది ఇలాంటి చేతులే.

అహింసా పద్ధతి ఈ చర్చిలకు అందిన దారిలో భారతదేశం ఉంది. నల్లజాతి వేదాంతి హోవార్డ్ థర్మన్ 1936లో బర్డోలీలో గాంధీని కలిశారు. కొన్ని నెలలకే బెంజమిన్ మేస్ కూడా కలిశారు. ఆ మేస్ తర్వాత మోర్‌హౌస్ అధ్యక్షుడై, విద్యార్థి కింగ్‌కు మార్గదర్శి అయ్యారు. అంతకంటే నేరుగా కలిసే దారి జేమ్స్ లాసన్‌ది. కొరియా యుద్ధానికి వెళ్లనని జైలుకెళ్లిన ఈ మెథడిస్టు యువకుడు 1953 నుంచి నాగపూర్ హిస్లాప్ కళాశాలలో పనిచేశారు. మాంట్‌గొమరీ వార్త ఆయన చదివింది అక్కడి పత్రికలోనే. తిరిగి వెళ్లి నాష్‌విల్‌లో ఒక చర్చిలో విద్యార్థులకు శిక్షణ ఇచ్చారు. ఎవరైనా ఉమ్మితే, కొడితే, జుట్టు పట్టి లాగితే ఏం చేయాలో నటించి మరీ నేర్పేవారు. తర్వాత ఉద్యమ నాయకులైన జాన్ లూయిస్, డయాన్ నాష్ ఆ శిక్షణలో తేలినవారే. 1968లో మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు కింగ్‌ను పిలిచినదీ లాసనే. హత్యకు ముందురోజు కింగ్ చివరి ప్రసంగం జరిగిన మేసన్ టెంపుల్, పెంతెకోస్తు నల్లజాతి చర్చి అయిన చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ కేంద్ర మందిరం.

చర్చి ఇంత పని చేస్తోందని తెలుసు కాబట్టే బాంబులు చర్చిలను వెతుక్కుంటూ వచ్చాయి. బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ పాస్టర్‌గా ఉన్న బెతెల్ బాప్టిస్టు చర్చి మీద 1956, 1958, 1962లో మూడుసార్లు పడ్డాయి. 1963 సెప్టెంబరు 15 ఆదివారం ఉదయం అదే ఊళ్లో 16వ వీధి బాప్టిస్టు చర్చిలో పేలుడుకు నలుగురు ఆడపిల్లలు బలయ్యారు. ఒకామెకు 11 ఏళ్లు, మిగతా ముగ్గురికి 14. మరుసటి వేసవిలో మిసిసిపీలో ఓటర్ల నమోదు కోసం తలుపులు తెరిచిన చర్చిలు వరసగా తగలబడ్డాయి. చార్ల్స్‌టన్ ఇమ్మాన్యుయేల్ సంగతి మరింత గుండె పిండేస్తుంది. 2015 జూన్ 17న బైబిలు అధ్యయనానికి కొత్తగా వచ్చిన తెల్ల యువకుణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. అతనే తొమ్మిదిమందిని కాల్చి చంపాడు. చనిపోయిన పాస్టర్ క్లెమెంటా పింక్నీ రాష్ట్ర సెనేటర్ కూడా. నాలుగు వారాలు దాటకముందే రాష్ట్ర శాసనసభ ఆవరణ నుంచి, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి అంతర్యుద్ధంలో పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండా దిగింది.

ఈ చర్చిలన్నీ ఒకే మాట మీద నిలిచాయనుకుంటే పొరపాటు. ఉద్యమంలో దిగినవి తక్కువ, దూరంగా ఉన్నవే ఎక్కువ. అప్పట్లో అతిపెద్ద నల్లజాతి సంస్థ అయిన నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అధ్యక్షుడు జోసెఫ్ జాక్సన్ చట్ట ఉల్లంఘన పద్ధతినే వ్యతిరేకించారు. ఆ విభేదం ముదిరి 1961లో కింగ్ పక్షం వేరుపడి ప్రోగ్రెసివ్ నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకుంది. కింగ్ మరణించాక షికాగోలో జాక్సన్ చర్చి ఉన్న వీధికి ఆయన పేరు పెడితే, జాక్సన్ చర్చి ప్రవేశద్వారాన్నే పక్కవీధి వైపుకు మార్పించారు. వ్యక్తిగత వైరం అని తీసిపారేయడానికి లేదు. ఆత్మల సంగతి చూసుకోవాలా, వీధి సంగతి చూసుకోవాలా అన్న వాదం నల్లజాతి చర్చిల లోపల ఎప్పుడూ ఉంది, ఇప్పటికీ ఉంది.

లోపలి అన్యాయం మాట కూడా చెప్పాలి. సంఘంలో మెజారిటీ ఆడవారు, వేదిక మీద మాత్రం మగవారు. జరీనా లీ అనే ఆమె వాక్యం చెబుతానంటే అలెన్ మొదట ఒప్పుకోలేదు. 1819లో ఆమెకు అనుమతి దొరికింది, పాస్టర్ హోదా మాత్రం దొరకలేదు. ఏఎంఈలో మొదటి మహిళా బిషప్ వష్టి మెకెంజీ ఎన్నికైంది 2000లో, అంటే సంస్థ పుట్టిన 184 ఏళ్లకు. కింగ్ నడిపిన పౌరహక్కుల సంస్థను తొలిరోజుల్లో నిలబెట్టిన ఎల్లా బేకర్, పాస్టర్ల పెత్తనం భరించలేక విద్యార్థుల వైపు నడిచారు. ఒక్క నాయకుడి చుట్టూ తిరిగే ఉద్యమం నిలబడదని ఆమె నమ్మకం. 1963 వాషింగ్టన్ మహాప్రదర్శనను కూర్చిన బయర్డ్ రస్టిన్ స్వలింగ సంపర్కుడన్న కారణంతోనే పక్కకు నెట్టబడ్డారు. అలా బెదిరించి నెట్టినవారిలో హార్లెం అబిసీనియన్ చర్చి పాస్టర్, కాంగ్రెస్ సభ్యుడు ఆడమ్ క్లేటన్ పావెల్ ఉన్నారు. బయటి అన్యాయాన్ని ఎండగట్టిన వేదిక ఇంట్లో అన్యాయానికి కళ్లు మూసుకుంది. 2013 తర్వాత పోలీసు హత్యల మీద లేచిన బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన యువతులు పాస్టర్ల గొడుగు కిందికి రాకపోవడానికి ఇదొక బలమైన కారణం. బేకర్ చెప్పినదే వాళ్లు చేశారు.

ఓటు దగ్గర మాత్రం చర్చి పట్టు సడలలేదు. 1965 మార్చి 7న సెల్మా పట్నంలో బ్రౌన్ చాపెల్ ఏఎంఈ చర్చి నుంచి బయలుదేరినవారిని వంతెన మీద పోలీసులు చితకబాదారు. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. ఆ వేడిలోనే అక్టోబరులో పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన కోటాలు ఎత్తేసిన వలస చట్టం మీదా సంతకం పడింది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో, అట్లాంటాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఆ తలుపులోంచి వచ్చినవే. ముందస్తు ఓటింగ్ ఉన్న ఆదివారాల్లో ఆరాధన ముగియగానే సంఘమంతా బస్సులెక్కి పోలింగ్ కేంద్రానికి వెళ్లడం ఇప్పటికీ ఆనవాయితీ. 2021లో జార్జియా చట్టసభ ముందుకు వచ్చిన తొలి ముసాయిదాల్లో ఆదివారం ఓటింగ్‌కే కత్తెర పడింది. ఏఎంఈ బిషప్ రెజినాల్డ్ జాక్సన్ తదితరులు పెద్ద కంపెనీల మీద కూడా ఒత్తిడి తెచ్చారు. చివరి చట్టంలో చాలా ఆంక్షలున్నా ఆదివారాలు మిగిలాయి. అదే ఏడాది జనవరిలో కింగ్ చర్చి అయిన ఎబెనేజర్ బాప్టిస్టు పాస్టర్ రాఫెల్ వార్నాక్ జార్జియా నుంచి సెనేట్‌కు గెలిచారు. వేదికనూ వదలలేదు.

పన్ను మినహాయింపు పొందే సంస్థలు అభ్యర్థిని బలపరచకూడదని 1954 నుంచి చట్టం ఉంది. నల్లజాతి చర్చిలు ఆ గీత అంచున నడుస్తూ వచ్చాయి. జీతాలు, జైళ్లు, పోలీసులు, ఓటు గురించి మాట్లాడతారు, పేరు చెప్పకుండా ఆగుతారు. రాజకీయాలు చర్చిలోకి ఎందుకని అడిగేవారికి పాస్టర్ల జవాబు సూటిగా ఉంటుంది: ఆమోసు, యెషయా ప్రవక్తలు పేదల భూమి లాక్కున్న రాజులను నిలదీశారు కదా. ప్రార్థనను న్యాయంతో ముడిపెట్టిన ఈ వాదన బలమైనదే. కానీ వాదనకు బలం ఉన్నంత మాత్రాన సంఘానికి బలం ఉండదు. 2021లో ప్యూ పరిశోధనా సంస్థ సర్వేలో, యాభై ఏళ్ల కిందటి కంటే నల్లజాతి చర్చిల పలుకుబడి తగ్గిందని నల్లజాతీయుల్లో దాదాపు సగంమంది అన్నారు. పట్నాల్లో అద్దెలు పెరిగి పాత సంఘస్థులు శివార్లకు పోయారు. వేలమంది కూర్చునే మహాచర్చిల్లో, విశ్వాసం ఉంటే సంపద వస్తుందనే ఐశ్వర్య బోధ వినిపిస్తోంది. కానుక పళ్లెం చిన్నదైనప్పుడు పాస్టర్ మరో ఉద్యోగం చూసుకోవాలి, ఆ ఉద్యోగం ఇచ్చేవాడి మనసూ చూసుకోవాలి. మాంట్‌గొమరీలో టీచర్ల నోరు కట్టేసిన ముడి ఇదే.

2025లో లెంట్ ఉపవాస కాలం మొదలైన రోజు నుంచి, అట్లాంటా దగ్గరి న్యూ బర్త్ చర్చి పాస్టర్ జమాల్ బ్రయంట్ పిలుపుతో వేలమంది 40 రోజులు టార్గెట్ అనే పెద్ద కంపెనీ దుకాణాలకు వెళ్లడం మానేశారు. ఉద్యోగాల్లో వైవిధ్యం కోసం పెట్టుకున్న లక్ష్యాల నుంచి ఆ కంపెనీ వెనక్కి తగ్గడమే కారణం. అదే ఏడాది ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో మరొకటి జరిగింది. మెట్రోపాలిటన్ ఏఎంఈ, ఫ్రెడరిక్ డగ్లస్ అంత్యక్రియలు జరిగిన చర్చి. 2020 డిసెంబరులో ప్రౌడ్ బాయ్స్ అనే తెల్లజాతి అతివాద గుంపు దాని ఆవరణలోకి చొరబడి, బ్లాక్ లైవ్స్ మ్యాటర్ అని రాసి ఉన్న బోర్డును విరగ్గొట్టింది. సంఘం దావా వేసింది. 28 లక్షల డాలర్ల పరిహారానికి తీర్పు వచ్చింది. గుంపు కట్టలేదు. దాంతో కోర్టు ఆ గుంపు పేరు మీద ఉన్న ట్రేడ్‌మార్కును చర్చికి రాసిచ్చింది. రిచర్డ్ అలెన్ పెట్టిన సంస్థకు చెందిన ఆ సంఘం ఇప్పుడు ప్రౌడ్ అన్న మాటతో సొంత టీషర్టులు అచ్చువేసి అమ్ముతోంది. వచ్చే డబ్బు సంఘపు న్యాయ నిధికి జమ అవుతోంది.